ఏడాకుల కొమ్మ

పొద్దున్నే నీళ్లు పెట్టడానికి నర్సరీలోకి వచ్చిన కూతురు వెనక మడి దగ్గర ఆగిపోయింది. మడి ఖాళీగా ఉంది. గట్టు మీద వేళ్లు తెగేలా పీకేసిన మొక్కల కుప్ప, పక్కనే చెమట తుడుచుకుంటూ నాన్న.

"నీకెలాగూ తీరిక లేదుగా. పిచ్చికొమ్మలన్నీ నేనే ఏరేశాను" అన్నాడు.

వీధిలో ఆయన్ని కత్తెరాయన అంటారు. కత్తెర చేతికొస్తే ఆయనకి ఆకలీ తెలీదు, ఎదుటివాళ్ల మాటా వినబడదు. ఆయనది ఒకటే లెక్క. గులాబీ అంటుకి వేరు అడవి గులాబీది, పైకొమ్మ తోట గులాబీది. వేరు నుంచి అడవి కొమ్మ లేచిందంటే పైదాన్ని తినేస్తుంది. రెమ్మకి ఐదాకులుంటే తోటది, ఏడుంటే అడవిది. పీకెయ్యడమే.

కూతురు కుప్పలోంచి ఒక మొక్క తీసింది. దానికి ఏడాకులే, కానీ చివర మొగ్గ ఉంది.

"ఇవి అంట్లు కావు నాన్నా. అడవి గులాబీని, తోట గులాబీని కలిపి నేను విత్తనం నుంచి పెంచినవి. ఎండకీ చలికీ తట్టుకునే రకం. రేపు పార్కువాళ్లు చూడ్డానికి వస్తున్నారు."

"ముందే చెప్పి ఏడవచ్చుగా?"

"విత్తనం వేసినప్పుడు చెప్పాను. నిన్న అన్నాల దగ్గరా చెప్పాను."

గుమ్మంలో నిలబడ్డ అమ్మ నెమ్మదిగా అంది. "చెప్పిందండీ. మీరు ఊఁ కొట్టారు కూడా."

"నేను పెంచిన తోటలో నాకే పాఠాలా?"

"తోట నీదే. నేనడిగింది ఆ ఒక్క మడి. నా చదువు మాన్పించినప్పుడూ నా మంచికే అన్నావు. నీ మంచితనానికి ఓ దణ్ణం నాన్నా."

ఆమె పార్కువాళ్లకి ఫోన్ చేసి రావద్దని చెప్పింది. ఆ వారమే వేరే నర్సరీలో పనికి కుదిరింది. ఇంట్లో తండ్రీకూతుళ్ల మధ్య మాటల్లేవు. ఏం కావాలన్నా అమ్మ చేతే అడిగించుకునేవాళ్లు.

వానలు పడ్డాక ఒక సాయంత్రం ఆమె కుళాయి దగ్గర కాళ్లు కడుక్కుంటుంటే నాన్న వచ్చి నిలబడ్డాడు.

"వెనక మడిలో మట్టిలో మిగిలిన వేళ్లు చిగురేశాయమ్మా. ఏడాకులవే. ఉంచమంటావా?"

ఆయన కత్తెర ఆమె వైపు చాపాడు. కూతురికి ఏడుపు ఆగలేదు.

"ఇన్నేళ్లకి ఇప్పుడు అడిగావు" అంటూ కత్తెర తీసుకుంది.

చీకటి పడేదాకా ఇద్దరూ మడి చుట్టూ కంచె కట్టారు. మర్నాడు పొద్దున్నే ఆమె చిగుళ్లకి నీళ్లు పెట్టి, కత్తెర సంచిలో వేసుకుని, ఆ వేరే నర్సరీకే పనికి వెళ్లింది.