కొరడా పక్షం మాస్టారు

"సోషల్ మాస్టారిది ఇంత కసాయి మనసని నాకు తెలీదు" అని కరుణాకుమారి టీచరు స్టాఫ్ రూములో అందరి ముందూ అనేసి, గొడుగు తీసుకుని వానలోకి వెళ్లిపోయింది.

ఆ సోషల్ మాస్టారు యెహోషువ. కసాయి మనసా? ఇంట్లో కోడిని కోస్తుంటే పక్కింటికి పారిపోయే మనిషి అతను.

జరిగింది ఇదీ. వాకాడు దగ్గరున్న ఆ మిషన్ హైస్కూల్లో ఏటా క్రిస్మస్ సెలవుల ముందు పిల్లలకు డిబేట్ పెడతారు. పందొమ్మిదొందల అరవై ఒకటిలో ఇచ్చిన విషయం, ప్రభుత్వం ఎత్తేసిన కొరడా దెబ్బల శిక్షను దొంగలకు మళ్లీ పెట్టాలా వద్దా అని. ఏ టీచరు ఏ పక్షం పిల్లల్ని తయారుచేయాలో చిట్టీలు వేసి తేలుస్తారు. కొరడా వద్దనే పక్షం యెహోషువకు వచ్చింది, కావాలనేది కరుణకు. అతను ఆమెను బతిమాలి మరీ చిట్టీ మార్చుకున్నాడు.

ఎందుకంటే ఆ ఏడు తీర్పు చెప్పేది జకరయ్యగారు. కరుణ తండ్రి, జైలు వార్డరుగా చేసి రిటైరైన మనిషి. దూరాన ఆయన మీసం కనిపిస్తే చాలు, యెహోషువ సైకిలు దిగి నడిచేవాడు. కరుణేమో అతని మనసు కనిపెట్టి, "నాదేముంది, మా నాయన్ని అడగండి" అని ఎప్పుడో తల వంచుకుని చెప్పేసింది. ఇతగాడికే ధైర్యం చాల్లేదు. ఇంతలో బుచ్చిరెడ్డిపాలెం కాంపౌండరు సంబంధం పండక్కి ఖాయం చేస్తారని కబురొచ్చింది. ఇక ఆగితే పిల్ల దక్కదు. జైలాయనకు కొరడా అంటే ప్రాణమై ఉంటుందని, ఆ పక్షాన గెలిచి ఆయన మెప్పు పొంది, ఆ ఊపులోనే పిల్లనడగాలని మన మాస్టారి పథకం. ప్రేమలో పడ్డవాడి తెలివి ఇట్టాగే ఏడుస్తుంది.

డిబేట్ రోజు వాన రేకుల మీద దంచి కొడుతోంది. యెహోషువ తయారుచేసిన హజరత్తయ్య ఆ వానను మించి అరిచాడు. వీపు మీద నాలుగు పడితే దొంగ చచ్చినా మళ్లీ దొంగతనం చేయడని బల్ల గుద్దాడు. పిల్లలు ఈలలేశారు. కరుణ పక్షాన లేచిన చెంచులక్ష్మి మెల్లగా మాట్లాడింది. తప్పు ఒప్పుకున్నవాడికి శిక్ష తగ్గించాలనీ, చేతికి పని నేర్పి ఇంటికి పంపాలనీ చెప్పి కూర్చుంది. యెహోషువ తన గెలుపు ఖాయమనుకున్నాడు.

జకరయ్యగారు లేచి నేరుగా అతన్నే చూశారు.

"మాస్టారూ, కొరడా దెబ్బ ఎప్పుడన్నా చూసినారా?"

"లేదండీ."

"నేను చూసినా. దెబ్బలు తిన్నోడికి నీళ్లు తాపింది నేనే. వాడు మళ్లా దొంగతనం చేసి నా జైలుకే వచ్చినాడు. మీరిది నమ్మే పిల్లకాయలకు నేర్పించినారా?"

యెహోషువ మెల్లగా లేచాడు. నమ్మానంటే పిల్ల పోతుంది. నమ్మలేదంటే పరువు పోతుంది. ముందు వరసలో హజరత్తయ్య నోరు తెరుచుకుని తన మాస్టారినే చూస్తున్నాడు. వాడి ముందు అబద్ధం ఆడబుద్ధి కాలేదు.

"నమ్మలేదండీ. మీకు నచ్చుతుందని ఈ పక్షం తీసుకున్నా."

"నాకు నచ్చి మీకేం ఒరగాల?"

"మీ అమ్మాయిని నాకిమ్మని అడగాలని."

హాలు గొల్లుమంది. కరుణ పైటచెంగుతో మొహం కప్పేసుకుంది. హజరత్తయ్య మాత్రం బిక్కమొహంతో లేచి, "సార్, అయితే మనం ఓడిపోయినట్టేనా?" అన్నాడు.

"మీరు ఓడినారబ్బీ" అన్నారు జకరయ్యగారు. మీసం కింద నవ్వు దాగలేదు. "తప్పు ఒప్పుకున్నోడికి శిక్ష తగ్గించాలని ఈ పాప చెప్పింది గదా, తీర్పు ఆ పాప పక్షానే. మాస్టారూ, ఆదివారం ఆరాధన అయినాక మీ అమ్మానాయన్ని పిల్చుకొని మా ఇంటికి రాండి. కాంపౌండరోళ్లకు నేను చెప్పుకుంటా."

పిల్లలంతా కేకలేస్తూ వానలోకి పరుగెత్తారు. వరండాలో కరుణ గొడుగు విప్పబోయి ఆగింది.

"మా నాయన ఎట్టాంటి మనిషో ఒక్క మాట నన్నడగకూడదా?"

"మిమ్మల్ని చూస్తే మాట పెగలదు, ఏం చేయను?"

"ఇందాక అందరి ముందూ పెగిలిందిగా. అదన్నా నమ్మి చెప్పినారా, అదీ మా నాయనకు నచ్చుతుందనేనా?"

"అదొక్కటే నమ్మి చెప్పినా" అన్నాడు యెహోషువ.

కరుణ గొడుగు విప్పి, సగం అతని వైపు వంచి పట్టుకుంది.