లోపలి జేబు

పొద్దున్నే దుకాణం తెరిచి, మిషనుకు నూనె వేసి, దర్జీ ఓ తెల్లచొక్కాకు ఆఖరి కుట్లు వేస్తుండగా తమ్ముడి కూతురు వచ్చింది. ఆ తమ్ముడు ఊరూవాడా తెలిసిన పాటగాడు. పోయి పదేళ్లయింది. ఇప్పుడతని జీవితం మీద సినిమా తీస్తున్నారు. నటుడికి చొక్కాలు పెదనాన్నే కుట్టాలని ఈ పిల్లే పట్టుబట్టింది.

"అయిందా పెదనాన్నా? నువ్వు కుట్టేలోపు సినిమా వచ్చి వెళ్లిపోయేలా ఉంది!"

"నోటికి కాస్త పని తగ్గించి, నచ్చిందో లేదో చూడు."

ఆమె చొక్కా తిరగేసింది. లోపలివైపు చెయ్యి ఆగింది.

"లోపల ఈ జేబేంటి?"

"చెయ్యి అలవాటు. వాడి చొక్కాలన్నిటికీ ఉండేది."

"దేనికి?"

దర్జీ కత్తెర కింద పెట్టాడు. "సీసాకి."

"అంటే నువ్వే కుట్టిచ్చేవాడివా? సీసా కొలత చూసి మరీ?"

"కుట్టనంటే ఈ గడప తొక్కడం మానేస్తాడేమోనని భయమేసేది."

"తాగుడు మాట సినిమాలో రాకూడదని వాళ్లతో ఎంత పోట్లాడానో తెలుసా? నా పెళ్లిలో నిలబడలేక పడిపోయిన మనిషి! నా కోసం ఒక్కసారైనా మానేద్దామనుకున్నాడా?"

దర్జీ లేచాడు. బీరువాలోంచి పాత చొక్కా తీసి ఆమె ఒళ్లో వేశాడు. "నీ పెళ్లికి వేసుకున్నది."

లోపలి జేబు మూతి నల్లదారంతో కుట్టేసి ఉంది. అన్నీ వంకరటింకర కుట్లు.

"నా కుట్టు కాదది. సూదిలో దారం కూడా నా చేతే ఎక్కించుకునేవాడు. వెలుతురుకు పట్టి చూడు."

ఆమె కిటికీ దగ్గరికి వెళ్లింది. కుట్ల చుట్టూ సన్నటి బెజ్జాలు, వరస కింద వరస. కుట్టాడు, విప్పాడు, మళ్లీ కుట్టాడు. వేలు పెట్టి లెక్కించింది. ఏడు.

"మొదటిది నీ పెళ్లి మర్నాడు," అన్నాడు దర్జీ. "ఆఖరిది విప్పకుండానే పోయాడు."

ఆమె చొక్కాలో ముఖం దాచుకుని చాలాసేపు ఏడ్చింది. దర్జీ మిషను తొక్కలేదు.

"జేబు ఉండనీ పెదనాన్నా. తాగినట్టూ చూపించమంటాను, ఇదీ చూపించమంటాను. ఈ కుట్లు కూడా వెయ్యి."

"యాభై ఏళ్లుగా కుడుతున్న చెయ్యమ్మా, అంత వంకరగా కుట్టమంటే దానికి రాదు." నల్లదారం ఎక్కించి సూది ఆమె చేతికిచ్చాడు. "నీకొస్తుంది. నువ్వూ అచ్చం వాడే."

తడి కళ్లతోనే నవ్వి, ఆమె మొదటి కుట్టు వేసింది. వంకరగానే పడింది.