నలభై రెండో పోతమ్మ

నలభై ఒకటో పోతమ్మ దొరికిందని ధనశ్రీ చెప్పగానే నాగవంశీ మొహం వాడిపోయింది.

"ఏటండీ అలాగున్నారు? ఇంక ఒక్క పోతమ్మే మిగిలింది. ఆవిడ పదిహేడో పుస్తకంలో ఉండాలి. అది చెదలు తినేశాయని రాసేశాను. సోమవారం థీసిస్ ఇచ్చేత్తన్నాను."

"మంచిదేనండి," అన్నాడు వంశీ. మంచిగా మాత్రం అనలేదు.

వన్ టౌన్‌లో, ఎప్పుడో మూతబడిన ఓ కూలీల కంపెనీ పాత మస్టర్లు, అంటే కూలీల హాజరు పుస్తకాలు ఉన్న రికార్డు రూములో అతను కాంట్రాక్టు గుమాస్తా. ధనశ్రీ యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది. యాభై ఏళ్ళ కిందట పోర్టులో బొగ్గు మోసిన ఆడవాళ్ళలో పోతమ్మ అన్న పేరున్నవాళ్ళందరినీ వెతికి, ఎవరిది ఏ ఊరో, ఏమయ్యారో రాయడం ఆమె పని. అమ్మవారి పేరు కదా, వీధికో పోతమ్మ ఉండేది. అందుకే పని ఓ పట్టాన తెమల్లేదు.

రోజూ భీమిలి బస్సు దిగి పదింటికి వచ్చేది. తొమ్మిదిన్నర నుంచే మన వంశీ కాలుగాలిన పిల్లి. కిటికీ దగ్గరికి, బల్ల దగ్గరికి, మళ్ళీ కిటికీ దగ్గరికి. ఆమె వచ్చాక మాత్రం తలెత్తకుండా ఫైళ్ళు సర్దేవాడు.

పోతమ్మలు అయిపోతే ఆ పిల్ల రావడమూ అయిపోతుంది. ఆ భయంతో నెల కిందట ఓ వెధవ పని చేశాడు. పదిహేడో మస్టరు తన సొరుగులో దాచేసి, చెదలు తిన్నాయేమో, వెతుకుతానన్నాడు. నాలుగు రోజులాగి దొరికిందని చెబుదామనుకున్నాడు. నెలయినా నోరు పెగల్లేదు. ఇప్పుడు అతని అబద్ధం ఆమె థీసిస్‌లోకి ఎక్కింది. చెప్పకపోతే ఆమె పరువు, చెబితే తన పరువు. వంశీ కుర్చీలో ఒక్క క్షణం కుదురుగా కూర్చోలేకపోయాడు.

అంతలో అటెండరు దొరబాబు టీ పట్టుకొచ్చాడు.

"బావా, సొరుగులో ఆ పెద్ద పుస్తకం ఇంకెన్నాళ్ళు దాస్తావ్? గ్లాసులెట్టుకోడానికి సోటు లేదు."

ధనశ్రీ లేచి వెళ్ళి సొరుగు లాగింది. పదిహేడో నంబరు మస్టరు నిక్షేపంగా ఉంది. చెద పురుగు దాని వాసన కూడా చూడలేదు. దొరబాబు గ్లాసులు అక్కడే పెట్టి చల్లగా జారుకున్నాడు.

"ఎందుకు దాచావ్?" అంది. నెలల తరబడి నడిచిన 'మీరు' ఒక్క దెబ్బకి పోయింది.

"మీరు రావడం మానేత్తారని."

"నెల రోజులు నన్ను వెర్రిదాన్ని చేశావ్. మా గైడు ముందు నిలబడి చెదల కథ చెప్పాను నాను."

"తప్పేనండి."

ఆమె పుస్తకం విప్పి నలభై రెండో పోతమ్మని వెతుక్కుంది. కూలీ బిళ్ల నంబరు రెండొందల పన్నెండు, ఊరు కోటవీధి. కాసేపటికి ఆమె కనుబొమలు ముడిపడ్డాయి. ఏడాది పొడుగునా ఒక్క నాగా లేదు. పైగా కూలి తీసుకున్నట్టు వారం వారం వేసిన వేలిముద్రల్లో కొన్నిటికి అడ్డంగా తెల్లటి గీత ఉంది, మిగతా వాటిలో లేదు.

"కోటవీధి మాదేనండి. మా నానమ్మకి ఆ వీధిలో తెలీనోళ్ళు లేరు," అన్నాడు వంశీ మెల్లగా.

"పద."

ఆ పేజీలు ఫోనులో ఫొటోలు తీసుకుని బయల్దేరింది. వీధిలోకి అడుగు పెట్టగానే వాన మొదలైంది. ఉన్నది ఒక్కటే గొడుగు. అది ధనశ్రీది, ధనశ్రీ మీదే ఉంది. వంశీ పక్కన తడుస్తూ నడిచాడు. ఆ శిక్ష చాలదనిపించింది అతనికి.

వంశీ నానమ్మ నారాయణమ్మ గుమ్మంలో కూర్చుని వానని చూస్తోంది. ధనశ్రీ ఆమె పక్కనే చతికిలబడి, రెండొందల పన్నెండో నంబరు పోతమ్మ తెలుసా అని అడిగింది.

"తెలకపోడమేటి? ఏ పోతమ్మ కావాలి నీకు? సోమారం పోతమ్మా, గురువారం పోతమ్మా?"

"ఇద్దరున్నారా?"

"పోతమ్మ నా తోటికోడలు. బిళ్ల దాని పేరునే ఉండీది. దానికి పురుడొచ్చినా, జొరమొచ్చినా ఆ బిళ్లెట్టుకుని నానెల్లీదాన్ని. తరవాత వంతులేసుకున్నాం. మేస్త్రి బిళ్ల సూసీవోడు గానీ మొగం ఎవుడు సూత్తాడమ్మా? మొగాలన్నీ బొగ్గే కదా."

ధనశ్రీ ఆమె కుడిచెయ్యి అందుకుంది. బొటనవేలి మీద అడ్డంగా కత్తిపీట కోసిన పాత గాటు. ఫోను తీసి ఫొటోలో వేలిముద్ర చూపించింది.

ముసలమ్మ ఫోనుని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది. "పన్నెండేళ్ళు మోసినాను. ఎక్కడా నా పేరు లేదనుకున్నాను. నా ఏలిముద్దరుందన్నమాట," అంది.

నానమ్మ బొగ్గు మోసిందని తెలుసు గానీ, అదంతా ఇంకొకరి పేరున మోసిందని వంశీకి ఇన్నేళ్ళలో ఎవరూ చెప్పలేదు. తను దాచింది ఒక పుస్తకాన్నే కాదు, నానమ్మని కూడా.

"నారాయణమ్మ గారూ, మీ పేరు రాసుకుంటాను. ఇంటిపేరుతో సహా చెప్పండి," అంది ధనశ్రీ కళ్ళు తుడుచుకుంటూ.

పేరు చెప్పి, నారాయణమ్మ మనవడి వంక చూసింది. "ఏట్రా, తడిసిన కోడిలాగ అలాగ నిలబడ్డావ్?"

"పుస్తకం నేను దాచాను నానమ్మా. ఈవిడ రావాలని."

"ఓరి సన్నాసీ, పిల్ల కావాలంటే పుస్తకం దాత్తారా? నోరు దేవుడెందుకిచ్చినాడు?" అనేసి టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది.

వాన చూరు మీంచి కారుతోంది. ధనశ్రీ తన కాగితాలు తిరగేసింది.

"సోమవారం ఇవ్వను. నలభై రెండు పేర్ల వెనక ఎంతమంది ఉన్నారో మళ్ళీ మొదట్నుంచి చూడాలి."

అది వినడానికే కదా నెలంతా తంటాలు పడ్డాడు. తీరా విన్నాక వంశీకి సంతోషం కంటే సిగ్గే ఎక్కువైంది.

"సోమవారం పుస్తకాలన్నీ మీ బల్ల మీద పెట్టేస్తాను. నా సాయం వద్దనుకుంటే దొరబాబు ఉంటాడు. మీ పని వేగంగా అయిపోతాది."

"అయిపోతే?"

"అయిపోతే... మీరు రారు."

"దాచే బదులు అడగొచ్చు కదా. పోతమ్మలు లేకపోయినా వచ్చీదాన్ని."

వంశీ తల తుడుచుకున్నాడు, చేతులు జేబులో పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు.

"అయితే అడుగుతన్నాను. రేపు వత్తారా?"

"రేపు ఆదివారం. రికార్డు రూముకి తాళం ఉంటాది."

"అందుకే అడుగుతన్నాను."

ధనశ్రీ నవ్వాపుకోవాలని చూసింది గానీ కుదరలేదు. "పదింటి బస్సుకి వత్తాను," అంది.