ఇరవై రెండో జాగాలో వెనక్కి

ఇల్లులాంటి బండ్లు నిలుపుకునే స్ప్రూస్ పాయింట్ క్యాంపులో ఇరవై రెండో జాగా ఎప్పుడూ ఖాళీయే. అమెరికాలో సుపీరియర్ సరస్సు పక్కనే, పొద్దున లేస్తే కిటికీలో నీళ్లు తప్ప ఇంకేం కనబడని చోటు. అయినా ఎవరూ తీసుకోరు. తెలియక తీసుకున్నవాళ్లు తెల్లారేలోపు బండి తీసేస్తారు.

చాలా ఏళ్ల కిందట ఒకతను రాత్రిపూట అక్కడ బండిని వెనక్కి పెడుతున్నాడు. దారి చూపడానికి వెనక పెళ్లాం నిలబడింది. ఆ జాగా చివర నిలువెత్తు బండరాయి ఉంది. రాయికీ బండికీ మధ్య ఆవిడ ఇరుక్కుంది. ఆపమని బండి వెనక అరచేత్తో బాదిందట... ధన్, ధన్, ధన్. లోపల పాటలు మోగుతున్నాయి. అతనికి వినబడలేదు.

అప్పట్నుంచి రాత్రి ఆ జాగాలో బండి వెనక్కి పెడితే ఆ చప్పుడు వస్తుందంటారు. దిగి చూస్తే ఎవరూ ఉండరట.

ఆ వేసవి ఆ క్యాంపు చూసుకునే పని నాది. నేనూ ఇల్లమ్మేసి బండిలోనే కాపురముంటున్న మనిషినే. ఇలాంటి కథ ప్రతి క్యాంపులో ఒకటి వింటాను, నమ్మను. అందుకే జూలై మూడో తేదీ రాత్రి పదింటికి రెండు బండ్లు వస్తే, మిగిలిన ఆఖరి రెండు జాగాలూ ఇచ్చేశాను. ఇరవై ఒకటి, ఇరవై రెండు. కథ కూడా చెప్పాను. దాచడమెందుకు?

ఆ తర్వాత జరిగింది నేను కళ్లారా చూడలేదు. వాళ్లు చెప్పిందే చెబుతున్నాను.

ముందు బండిలో గోర్డీ, అతని భార్య బెవ్. రెండో బండిలో మార్లిస్, ఒక్కతే. ముప్పై ఏళ్ల స్నేహితులు. రెండు జంటలూ కలిసి ఇళ్లమ్ముకుని రోడ్డెక్కారు. ఏడాది తిరక్కుండానే మార్లిస్ మొగుడు వెర్న్ పోయాడు. ఆమెకి మిగిలింది ఆ పాత బండే. వెనక కెమెరా కూడా లేదు దానికి.

బండ్లు దిగగానే గోర్డీ మొదలుపెట్టాడు.

"ఐదు నెలలు, మార్లిస్! టెక్సస్ తీరం నుంచి ఇక్కడిదాకా ప్రతి ఊళ్లో నీ బండి నేనే జాగాలో పెట్టాను. వెర్న్ ఉన్నన్నాళ్లూ పక్కన కూర్చుని స్వెటర్లు అల్లావు. ఇప్పుడు డ్రైవరమ్మవి!"

"నేర్చుకుంటున్నాను కదా..."

"నువ్వు నేర్చుకునేసరికి ఈ సరస్సు ఎండిపోతుంది. ఇరవై రెండు నువ్వు తీసుకో. ఒక్క ఊపులో పెట్టావా, జన్మలో నీ బండి ఊసెత్తను. పెట్టలేదా, పొద్దున్నే డలూత్ వెళ్లి అమ్మేస్తున్నాం. ఫార్గోలో మీ చెల్లెలి ఇంట్లో నేలమాళిగ ఖాళీయేగా."

ఆ నేలమాళిగకి కిటికీ లేదు. మార్లిస్ బెవ్ వైపు చూసింది. బెవ్ చెప్పుల వైపు చూసుకుంది.

"సరే," అంది మార్లిస్.

"వాకీటాకీ వద్దు. వెనక నేను లైటు పట్టుకుంటా. పైకీ కిందికీ ఊపితే రా. అటూ ఇటూ ఊపితే ఆగు."

"మరి... ఆ చప్పుడు?"

"చప్పుడుకి భయపడి ఆగావో, ఓడినట్టే!"

మా బండ్లవాళ్లకి వెనక నిలబడినవాడే కళ్లు. అతను రమ్మంటే రావాలి, ఆగమంటే ఆగాలి. అద్దంలో అతని జాడ కనబడకపోతే బ్రేకు మీంచి కాలు తీయకూడదు. మార్లిస్‌కి రానిది స్టీరింగు తిప్పడం. ఈ నియమం మాత్రం బాగా వచ్చు.

ఆమె బండెక్కి, రివర్సు గేరు వేసి అద్దంలోకి చూసింది.

చీకటి.

కాలు బ్రేకు మీదే ఉంచి కూర్చుంది. ఒక నిమిషం... రెండు నిమిషాలు...

అప్పుడు ఎడమ అద్దంలో, రాయి పక్కన, లైటు వెలిగింది. చిన్నది, పసుప్పచ్చగా. మెల్లగా పైకీ, కిందికీ.

బండి కదిలింది. లైటు కుడికి జరిగితే స్టీరింగు అటు తిప్పింది, ఎడమకి జరిగితే ఇటు. గోర్డీ ఇంత ఓపిగ్గా ఎన్నడూ చూపించలేదు అనుకుంది.

ధన్.

కాలు బ్రేకు మీదకి పోయింది... ఆగితే ఓడినట్టే. లైటు రమ్మంటోంది.

ధన్. ధన్.

ఆమె పళ్లు బిగబట్టింది. ధన్ ధన్ ధన్ ధన్... ఒక చేత్తో కాదు, రెండు చేతులతో. ఏదో అరుపు కూడా. ఇంజను మోతలో, అలల హోరులో కలిసిపోయింది. బండి దేనికో అడ్డుపడ్డట్టు ఆగింది.

లైటు ఇంకా పైకీ, కిందికీ.

ఆమె యాక్సిలరేటరు కొంచెం తొక్కింది.

చప్పుడు ఆగింది. లైటు అటూ ఇటూ ఊగి, ఆరిపోయింది.

బండి జాగా మధ్యలో, గీత గీసినట్టు కుదిరింది. ఒక్క ఊపులో. మార్లిస్ నవ్వుకుంటూ దిగింది.

"గోర్డీ! చూశావా? ఏమంటావిప్పుడు?"

బెవ్ పక్క జాగాలోంచి పరిగెత్తుకొచ్చింది. "లైటు లేకుండా ఎలా వచ్చావే? గోర్డీ ఏడీ?"

"వెనకే ఉన్నాడుగా. లైటు చూపించింది తనేగా."

బెవ్ చెయ్యి చాపింది. చేతిలో టార్చి ఉంది.

"లైటు నా దగ్గర వదిలేసి వెళ్లాడు, మార్లిస్. చీకట్లో నువ్వు కదలవన్నాడు. వెనక దాక్కుని బండి గోడ మీద కొడతానన్నాడు. నువ్వు కెవ్వుమంటావు, పందెం పోతుంది, రేపు బండి అమ్మేస్తావు... అంతే అనుకున్నాం. అంతే!"

ఇద్దరూ వెనక్కి వెళ్లారు. బెవ్ టార్చి వెలిగించింది.

నేను వెళ్లేసరికి బెవ్ నేలమీద కూలబడి ఉంది. గోర్డీని రాయి దగ్గర్నుంచి తీయడానికి బండిని నేనే ముందుకి నడపాల్సి వచ్చింది. బండి వెనక గోడ మీది దుమ్ములో అరచేతుల గుర్తులు. పైన విడివిడిగా, కిందికి వచ్చేకొద్దీ ఒకదాని మీద ఒకటి.

పోలీసు షెరిఫ్ ప్రమాదమని రాసుకున్నాడు. పది రోజులకి బండి తిరిగిచ్చారు. బెవ్ తన బండి అమ్మేసింది. మార్లిస్ అమ్మలేదు.

వెళ్లే రోజు పొద్దున నా బల్ల దగ్గర కాఫీ తాగుతుంటే అడిగాను.

"చప్పుడు వినబడిందా?"

"వినబడింది. ఆ ఆడమనిషి అనుకున్నాను."

"లైటు బెవ్ దగ్గరుంటే, నువ్వు చూసిందేమిటి?"

ఆమె కప్పు కింద పెట్టింది.

"నాకు తెలీదు," అంది మెల్లగా. "కానీ... అతను కొడుతున్నంతసేపూ అది నన్ను రమ్మంటూనే ఉంది. కొట్టడం మానేశాకే ఆగమంది."