గుప్పెడు మొక్కజొన్న

"చెప్పులేసుకొని లోపలికి రావద్దని బోర్డుండాది. చదవడం రాదాప్పా?"

బెంగళూరు దగ్గర యలహంక అవతల బ్రీడర్ కోళ్ల షెడ్డులో నేత్రావతి హేమంత్‌కుమార్‌తో అన్న మొదటి మాట అది. ఆ మాటకే పడిపోయాడు మహానుభావుడు. ఏం చేస్తాం, కొందరి రాత అంతే!

ఆమె వెటర్నరీ పీజీ చదువుతోంది. అతగాడు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఒక స్టార్టప్‌కి సేల్స్‌మన్. దాణాలో వాళ్ల పొడి కలిపితే పెట్టల కాలేయంలో కొవ్వు పేరుకోదని కంపెనీ గొప్పలు. అది నిజమో కాదో తేల్చడమే నేత్రావతి థీసిస్. షెడ్డులో సగం గదుల పెట్టలకు పొడి కలిపిన దాణా, మిగతా వాటికి మామూలు దాణా.

బ్రీడర్ పెట్టలంటే పొదిగించే గుడ్ల కోసం పెంచేవి; అవి లావెక్కితే గుడ్లు తగ్గిపోతాయి. అందుకే మేత కొలిచి పెడతారు. పాపం, అవి మనిషి కనబడితే చాలు, ఆకలికి షెడ్డు అదిరేలా అరుస్తాయి. ట్రయల్ చూసే వంకతో రోజూ వచ్చే హేమంత్‌కి ఆమె మాట ఒక్కటీ వినబడేది కాదు.

మూడు నెలలకు ఫలితం తేలింది. పొడి తిన్న పెట్టలకే కొవ్వు ఎక్కువ!

"దాణా నేనే తప్పు కలిపినానంట. థీసిస్ తీసుకోనంటా ఉండాడు మా సార్" అని నేత్రావతి ఏడ్చేసింది.

హేమంత్ నోరు మూసుకుంటే అతని ఉద్యోగం నిలుస్తుంది. కానీ ఆ కన్నీళ్లు చూసి ఉండలేకపోయాడు. నేరుగా ప్రొఫెసర్ గదిలోకి నడిచాడు. వెనకే ఆమె.

"తప్పు ఆమెది కాదు సార్. మా పొడి కలిపిన దాణా తినే పెట్టలకు రోజూ గుప్పెడు మొక్కజొన్న నేనే వేసినా."

"ఎందుకయ్యా?"

"ఆమె ఎప్పుడూ ఆ గదుల దగ్గరే నిలబడి రాసుకుంటా ఉంటారు. కోళ్లు అరవకుంటే ఆమె మాటలు వినబడతాయని సార్... ఆమంటే నాకిష్టం."

ప్రొఫెసర్ ఇద్దర్నీ కడిగేశాడు. కొత్త పెట్టలతో ట్రయల్ మళ్లీ మొదలుపెట్టమన్నాడు.

బయట వాన దంచుతోంది. ఇద్దరూ చూరు కింద నిలబడ్డారు.

"నీ ఉద్యోగం?" అంది నేత్రావతి.

"పోతుంది."

"పోనీలే. ఇష్టమని మా సార్‌కి చెప్పినావు. నాకెప్పుడు చెప్తావు?"

హేమంత్ ఆమె వైపు తిరిగాడు. "నువ్వంటే నాకు శానా ఇష్టం నేత్రా."

"ఈ ముక్క మొదటి రోజే చెప్పుంటే, ఈపాటికి నా థీసిస్ అయిపోయుండేది కదప్పా!"