పచ్చి స్లాబు

పొద్దున్నే ఓనరు ఫోను. రేపే స్లాబు కింది సెంట్రింగు విప్పేయమంటున్నాడు.

"కాంక్రీటు క్యూబు పరీక్ష బాగానే వచ్చింది సార్. కానీ అది పోసిన వారానికే చేసింది. స్లాబు ఇంకా పచ్చిది. గడువు కాకుండా విప్పను," అన్నాడు మేస్త్రమ్మ కొడుకు, ఖరాఖండిగా.

మేస్త్రమ్మ టీ గ్లాసు చాటున మురిసిపోయింది. ఇన్నేళ్లలో ఆమె పోయించిన ఏ స్లాబూ కుంగలేదు. ఆ నిక్కచ్చితనం ఇంజనీరు కొడుక్కీ అబ్బింది.

టీ చల్లారేలోపే ఆ మురిపెం కాస్తా దిగిపోయింది.

వాడు ఫోను పెట్టేసి, కోడలి ముందు ఓ కాగితం పరిచాడు. "చూడు. అన్నీ నెగటివే. ఇక నా దిండు గదిలోకి తెచ్చుకోనా?"

పని మీద పొరుగూరు వెళ్లినప్పుడు వాడు ఎవరో ఒకామెతో రాత్రి గడిపాడు. తిరిగొచ్చిన రోజే తనంతట తనే ఒప్పుకున్నాడు. అప్పట్నుంచీ పడక హాల్లోనే.

కోడలు కాగితం మీది తేదీ చూసింది. "వారం తిరక్కుండానే చేయించుకున్నారు. జబ్బు అంటినా అప్పుడే పరీక్షకి చిక్కదట. క్లినిక్‌లో అడిగాను. కొన్నిటికి రెండు వారాలు, హెచ్ఐవీకి నెలన్నర, సిఫిలిస్ లేదని తేల్చాలంటే మూడు నెలలు ఆగి మళ్లీ చేయించాలట."

"అంటే నన్ను నమ్మవు."

"నమ్మకం సంగతి తర్వాత. ముందు నా ఒళ్లు నేను చూసుకోవాలి."

"అమ్మా, నువ్వైనా చెప్పు దీనికి."

నిజానికి మేస్త్రమ్మకీ గొడవ ఇక్కడితో సర్దేయాలనే ఉంది. నోరు తెరిచింది కూడా. అంతలో ఇందాకటి ఫోను గుర్తొచ్చింది.

"పొద్దున ఓనరుకి ఏం చెప్పావురా?"

వాడు పక్కనున్న ఫోను వైపు చూశాడు.

"ఎవరి స్లాబుకో అంత పట్టుబట్టావు. కింద నీ పెళ్లాం నిలబడితే మాత్రం పచ్చిగానే విప్పేస్తావా?"

హాల్లో ఫ్యాను కీచుమంటోంది. వాడు కాగితం మడిచాడు. కళ్లు తడిగా ఉన్నాయి.

"తొందరపడ్డాను," అన్నాడు భార్యతో. "నీ భయం తీర్చడానికి కాదు, నా సిగ్గు కప్పుకోవడానికి. ఎన్నాళ్లు ఆగమంటే అన్నాళ్లూ ఆగుతాను. ఎన్నిసార్లు చేయించమంటే అన్నిసార్లూ చేయించుకుంటాను."

కోడలు కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "క్లినిక్‌కి నేనూ వస్తాను. ఈలోగా ఆ ఫ్యాను బాగు చేయించండి. మీరెలా పడుకుంటున్నారో గానీ, కీచుమంటుంటే నాకు నిద్ర పట్టడం లేదు."

మేస్త్రమ్మ హెల్మెట్ అందుకుని సైటుకి బయల్దేరింది. ఓనరు మళ్లీ తొందరపెడితే ఈసారి తనే చెబుతుంది: మా ఇంట్లో ఇద్దరున్నారు సార్, గడువు కాకుండా విప్పనివ్వరు.