మీ ఇల్లే అనుకోండి

మిట్టమధ్యాహ్నం...! సూర్యుడు నడినెత్తిన వెలగవలసిన వేళ, కారుమేఘాలు ఆకాశాన్ని కమ్మేశాయి. రాత్రి కూయవలసిన గుడ్లగూబ పట్టపగలే ఆ ఇంటి కప్పు మీద వాలి, ఒక్కసారి కూసి, తల తిప్పి కూర్చుంది. క్షుద్రశక్తులకు అర్ధరాత్రే ఇష్టమని లోకులంటారు. అది సగమే నిజం. హోటళ్ళ విషయంలో వాటికి అచ్చొచ్చిన ఘడియ వేరే ఉంది. పొద్దున్నే ఖాళీ చేసినవాళ్ళు వెళ్ళిపోయి, సాయంత్రం దిగేవాళ్ళు ఇంకా రాని వేళ... దుప్పట్లు తీసేసిన పరుపులు బోసిగా పడి ఉండే వేళ... ఏ గదీ ఎవరిదీ కాని వేళ!

సరిగ్గా ఆ వేళలో మేడ మీద చివరి గది తలుపు లోపలినుంచి గడియ పడింది.

గేటు పక్కన బోర్డు చూస్తే తప్ప అది హోటలని ఎవరికీ తట్టదు. పాత మేడ ఇల్లు. హాల్లో అత్తగారి కాలం నాటి వాలుకుర్చీ, మెట్ల కింద గొడుగుల డబ్బా, పిల్లల ఎత్తు కొలిచి పెన్సిల్‌తో గీసిన గీతల గోడ. నడిపేది ఆ ఇంటి చిన్నకోడలు. వచ్చినవాళ్ళకి గుమ్మంలోకి ఎదురెళ్ళి, “రండి, మీ ఇల్లే అనుకోండి” అంటుంది. అందరూ అనే మాటే. కానీ ఆమె అంటే జనం నిజంగానే అనుకుంటారు. రెండో రోజుకల్లా అడక్కుండా ఫ్రిజ్ తెరుస్తారు. ఆ మర్నాటికి టీవీ రిమోట్ కోసం పోట్లాడతారు.

వీధి చివర అద్దాల హోటలు పెద్దకోడలిది. లిఫ్టుంది, పాలరాయి ఉంది, గోడంత అక్వేరియం ఉంది. లేనిదల్లా మనుషులే. దిగిన నలుగురూ కూడా తాళం బల్ల మీద పెట్టి, ముఖం చూడకుండా వెళ్ళిపోతారు. అక్కడినుంచి చూస్తే చిన్నకోడలి గుమ్మంలో ఎప్పుడూ నాలుగు జతల చెప్పులు, నవ్వులు. పెద్దకోడలు అద్దం వెనక నిలబడి అదే చూస్తూ కుళ్ళుకునేది. ఆ ఇంట్లో ముందు కాలుపెట్టింది తను! ఆ వాలుకుర్చీని తుడిచి తుడిచి మెరిపించింది తను! ఆ గోడ మీద మొదటి గీత తన కొడుకుది! అయినా అత్తగారు పోతూ పోతూ ఇల్లు చిన్నకొడుక్కిచ్చి, పెద్దకొడుకు చేతిలో వీధి చివరి స్థలం పెట్టింది. ఆ రోజే పెద్దకోడలు గుమ్మంలో నిలబడి, “ఇక ఈ గడప తొక్కను. ఇది నాకు పరాయి ఇల్లు” అనేసి వెళ్ళిపోయింది.

ఏళ్ళు గడిచినా ఆ మంట చల్లారలేదు. చివరికి ఒక మాంత్రికుణ్ణి వెతికి పట్టుకుంది. తన ఖాళీ భోజనాల హాల్లో అతనికెదురుగా కూర్చుని, గొంతు తగ్గించి చెప్పింది.

“ఆ ఇంట్లో పరాయివాడన్నవాడు నిలవకూడదు.”

“పారిపోవాలా, ప్రాణాలే పోవాలా?”

“ఏదైనా సరే. ఇంటివాళ్ళ జోలికి మాత్రం వెళ్ళొద్దు. మా మరిదున్నాడు, పిల్లలున్నారు.”

“మరి మీ తోటికోడలు?”

ఆమె పళ్ళు నూరింది. “అదీ ఇంటిదేగా. ఏం చేస్తాం.”

అసూయ నిలువునా దహిస్తున్నా అడుగున ఎక్కడో అంత తడి మిగిలి ఉంది. మాంత్రికుడికి ఆ తడితో పనిలేదు. ఆమె మాటనే ఆజ్ఞగా మలుచుకున్నాడు. ‘ఆ గృహమున పరాయి ఎవరో, వారిని భక్షించు...!’

నున్నగా గీసిన గడ్డంతో, చక్రాల సూట్‌కేసుతో అతను వచ్చి దిగినప్పుడు, చిన్నకోడలు ఎప్పటిలాగే ఎదురెళ్ళింది.

“రండి, మీ ఇల్లే అనుకోండి.”

“అనుకోను,” అన్నాడతను. “నాకు ఇల్లంటూ లేదు. నేను పరాయివాణ్ణి. తాళం ఇవ్వండి చాలు.”

అది పొగరు కాదు, వ్రతం. ఏ గడపనూ తనదనుకోననే నియమం మీదే అతని మంత్రసిద్ధి నిలబడి ఉంది. ‘నా ఇల్లు’ అన్న మాట నోట వచ్చిందా, అన్నాళ్ళ సాధనా బూడిదలో పోసిన పన్నీరే. చిన్నకోడలు మాత్రం చిన్నబుచ్చుకుని తాళం ఇచ్చింది.

ఇప్పుడు... ఆ గడియ పడిన గదిలో... ఇస్త్రీ చొక్కాల మడతల మధ్యనుంచి ఒక కపాలం బయటికొచ్చింది! భస్మవలయం మధ్య దాన్ని నిలిపి మాంత్రికుడు బీజాక్షరాలు పఠించసాగాడు. మేఘగర్జనకు కిటికీ అద్దాలు గజగజలాడాయి. దీపశిఖ నీలంగా మారింది. కపాలం కనుగుంటల్లోంచి ధూమం సుళ్ళు తిరుగుతూ లేచి, కప్పునంటిన వికృతాకారమై, ఆకలితో వంగి నిలిచింది...!

“పో! పరాయివాళ్ళను భక్షించు!”

అది మెట్లు దిగింది. దాని అడుగు పడ్డ చోటల్లా చెక్క నల్లబడింది.

హాల్లో ఆ వేళకి ఉన్న అతిథి ఒక్కడే, వారంగా దిగి ఉన్న పళ్ళ డాక్టరు. పాత బనీనుతో వాలుకుర్చీలో సుఖంగా గుర్రుపెడుతున్నాడు. పిశాచం అతని మీదికి వంగింది. దాని చల్లని ఊపిరి అతని మెడకు తగిలింది. పాతాళంలోంచి వచ్చినట్టున్న గొంతుతో అది అడిగింది.

“ఎవరిదిరా ఈ ఇల్లు...?”

డాక్టరు కళ్ళు తెరవలేదు. “మనదే. ఆ కిటికీ కాస్త వెయ్యి, జల్లు కొడుతోంది.”

పిశాచం తెల్లబోయింది. వాసన చూసింది. పరాయి వాసన లేదు! ఏం చెయ్యాలో తోచక కిటికీ వేసింది. అప్పుడే మేడ మీదినుంచి గుప్పున ఒక వాసన దిగింది... అచ్చమైన పరాయి వాసన!

మాంత్రికుడు తలుపు తెరుచుకోవడం చూశాడు. “ఎందుకొచ్చావ్? నేను నీ యజమానిని!”

“గుమ్మంలో ఏమన్నావు...?”

అతని ముఖంలో నెత్తురు ఇంకిపోయింది. ‘నా ఇల్లే’ అంటే వ్రతం చెడి, మంత్రం పోతుంది. అనకపోతే ప్రాణం పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. “నా... నా...” అంటూ అతను తడబడుతుండగానే ధూమం వలయాన్ని దాటింది. ఉరుములో ఒక కేక కలిసిపోయింది...!

ఆకలి తీరని పిశాచం మళ్ళీ మెట్ల మీదికొచ్చింది. కింద మెట్టు దగ్గర పెద్దకోడలు నిలబడి ఉంది! తోటికోడలి ముఖం వాడిపోవడం కళ్ళారా చూడాలన్న ఆశ ఆగనివ్వక, అప్పుడే పెరటి గుమ్మంలోంచి వచ్చింది. ధూమం ఆమె నోట్లోంచి లోపలికి దూరింది. జుట్టు విరబోసుకుంది. కనుగుడ్లు తెల్లగా తేలిపోయాయి. ఆమె నోట్లోంచి మగగొంతు గర్జించింది.

“పరాయిది...! ఇది తన నోటితోనే అంది...!”

సబ్బు చేతులతో వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది చిన్నకోడలు. ఆమెకు మంత్రాలు తెలియవు కానీ ‘పరాయి’ అన్న మాట తెలుసు. గుమ్మంలో ఆ రోజు విన్నది ఆమె మరిచిపోలేదు.

“అక్కా! ఇది నీ ఇల్లే. నా ఇల్లని ఒక్కసారి అను.”

“అనను...” పెద్దకోడలి గొంతు సన్నగా, తనదిగా బయటికొచ్చింది. “నువ్విస్తే పుచ్చుకునే ఖర్మ... నాకు లేదు...”

పిశాచం లోపలినుంచి గొంతు నొక్కింది. పెదవులు నల్లబడ్డాయి. చచ్చినా సరే అనకూడదనే అనుకుంది ఆ మహాతల్లి. అంత అసూయ! ఆఖరిసారిగా ఆమె చూపు పక్కకు తిరిగింది. సున్నం కొత్తది, గోడంతా తెల్లగా మెరుస్తోంది. పెన్సిల్ గీతలున్న మేర మాత్రం బ్రష్ తగలలేదు. అడుగున తన కొడుకు గీత అలాగే ఉంది. ఆ పక్కన కిటికీ, కిటికీ దగ్గర డాక్టరు ఇంకా గుర్రుపెడుతున్న వాలుకుర్చీ. కుర్చీ చెయ్యి తడిసి ఉంది.

“ఏమే...” అందామె రొప్పుతూ. “కిటికీ దగ్గర కుర్చీ ఎవరు వెయ్యమన్నారే? జల్లు పడితే చెక్క ఉబ్బదూ? పైగా ఆ కర్టెన్లేంటి, పుచ్చువంకాయ రంగు... అత్తయ్య చూస్తే మళ్ళీ చచ్చిపోయేది... ఇల్లు ఉంచుకునే తీరేనా ఇది...”

పిశాచం పట్టు వదిలింది. అది ఎన్నో ఇళ్ళు చూసింది. ఇల్లు బాగుందనేది చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళే. ఇలా సణిగేది ఇంటివాళ్ళు తప్ప మరొకరు కాదు. ఇక తినడానికి ఎవరూ లేరు. పిలిచినవాడూ లేడు. పెళపెళమని పిడుగు పడింది. ధూమం చెదిరిపోయి, చూరుకింద ఇంత మసి మిగిలింది.

మేడ మీద గదిలో ఇస్త్రీ చొక్కాలు, బూడిద, కపాలం ఉన్నాయి. పిడుగుకి లేచి పైకెళ్ళిన డాక్టరు కపాలాన్ని చేతిలోకి తీసుకుని, “పాపం, కింది దవడ పళ్ళన్నీ పుచ్చే” అన్నాడు.

కింద పెద్దకోడలు మెట్టు మీద కూలబడి ఉంది. “వాణ్ణి పంపింది నేనే,” అంది తల ఎత్తకుండా.

చిన్నకోడలు చేతులకున్న సబ్బు నురగను కొంగుకేసి కసిగా తుడుచుకుంది. తరవాత వెళ్ళి గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి, పక్కన పెట్టింది.

“తాగు. కాసేపు పడుకో. నీ ఇల్లే అనుకో.”

పెద్దకోడలు నీళ్ళు తాగి, మూతి తుడుచుకుని లేచింది.

“అనుకోవడమేంటే? అనుకునేది వచ్చిపోయేవాళ్ళు,” అంది. “ముందు ఆ కుర్చీ రెండో వైపు పట్టు.”